తెలుగుకి నలభై ఎక్కువ

పర్లాకిమిడిలో కేబుల్ డబ్బులు వసూలు చేస్తాను.
నా రశీదు పుస్తకానికి రెండు నాలుకలు:
పైన ఒడియా అచ్చు,
కింద నా తెలుగు కోడిగీతలు.

కుంభార సాహి మలుపులో
దుమ్ములమ్మ ఇల్లు.
కొమ్ము దువ్వెనలకి మెరుగు పెడుతూ
టీవీ చూడదు, వింటుంది.
ఒళ్ళో తెల్లటి కొమ్ము పొడి,
తెర మీద ఎవరి కోడలో ఏడుస్తుంటుంది.

మాది ఒడియా ప్యాకేజీ.
తెలుగు కావాలంటే నెలకి నలభై ఎక్కువ.
"మా తాత పుట్టిన వీదిలో
మా బాసకి అద్దేటి బాబూ?"
ప్రతి నెలా అడుగుతుంది,
ప్రతి నెలా కొంగు ముడి విప్పుతుంది.
మనవలు ఒడియా బడి పిల్లలు.
ఆవిడ కథ ఎత్తుకుంటే
సగంలో "మానే కొణొ?" అంటారు.
అర్థం చెప్పేలోగా
కథలో రాజు చచ్చిపోతాడు.
ఆ ఇంట్లో ఆవిడతో
వాక్యం చివరిదాకా మాట్లాడేది
ఆ పెట్టె ఒక్కటే.

వెనక వాటాలో దండాసి గారు.
రేడియోకి లైసెన్సు ఉండే రోజుల్లో
పోస్టాఫీసులో ముద్ర కొట్టిన చెయ్యి.
"ఇదేం కొత్త గొడవ కాదు" అంటారు.
"ముసలాళ్ళకి మాఫీ చెయ్యండని పైకి అర్జీ పెట్టాను.
జవాబొచ్చింది:
వయసు రుజువు జతపరచలేదు అని."
నవ్వబోతే దగ్గు తెర.
ఒకసారి తనిఖీకి వెళితే
బియ్యం డబ్బాలోంచి వార్తలు వినబడ్డాయట.
"ఏం చేశారు?"
"ఏం చేస్తాం, వాతావరణం చెప్పేదాకా విని వచ్చేశాను."

డెబ్భై దాటినవాళ్ళకి ఊరికే ఇద్దామని
ఓనరు ప్రధాన్ బాబుని అడిగాను.
కాలిక్యులేటర్ నా వైపు తిప్పి పెట్టాడు.
"పెద్ద బజారు షావుకారుకీ డెబ్భై రెండు.
మిల్లులో చెయ్యి పోయిన కుర్రాడికి ఇరవై ఆరు.
ఎవడికి మాఫీ చెయ్యమంటావు?
ముసలితనం ఒక్కటేనా పేదరికం?"
అబద్ధం కాదు.
అబద్ధమైతే బాగుండేది.

దుమ్ములమ్మనే అడిగితే
ఆకురాయి ఆపకుండా చెప్పింది:
"ఉత్తినే వద్దు బాబూ.
ఉత్తినిచ్చినది ఆగిపోతే
ఏ మొకం పెట్టుకుని అడుగుతాను?
డబ్బిస్తే నిన్ను తిట్టొచ్చు."
తిట్టింది కూడా,
మొన్న వానకి బొమ్మ చెదిరినప్పుడు,
మా ఏడు తరాల్నీ పేరు పేరునా.

ఆ తరవాత ప్లాస్టిక్ దువ్వెనల బేరం పెరిగింది.
మూడు నెలలు బాకీ.
కొంగు ముడి ఉంది, ముడిలో ఏమీ లేదు.
బాక్సు నంబరు కొడితే
కంప్యూటర్లోనే ఆగిపోతుంది గానీ
మా ఓనరుకి తీగ తీస్తేనే నమ్మకం.

సాయంత్రం ఏడు.
మహేంద్రతనయ మీంచి తడి గాలి.
స్తంభం మీంచి చూస్తే
సాహి సాహంతా నీలం కిటికీలు.
పిన్ను లాగాను.
ఒక కిటికీలో నీలం పోయింది.
కోడలు ఏ మాట దగ్గర ఆగిపోయిందో.

ఆవిడ గుమ్మంలోకొచ్చింది.
ఒళ్ళో పొడి దులపకుండానే
చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టి పైకి చూసింది.
తిడుతుందని తల వంచుకున్నాను.

"తీగ తెగిపోనాదేటి?
సీకటి పడతంది,
జాగర్తగా దిగు నాయినా.
రేపు సూద్దువులే."

దిగేముందు ఏం చేశానో
ప్రధాన్ బాబు లెక్కల్లో లేదు.
కోడలు మళ్ళీ ఏడుపు అందుకుంది,
దువ్వెన పళ్ళ మీద
ఆకురాయి కదిలింది.

నిచ్చెన భుజాన వేసుకుంటుంటే
వెనక వాటా కిటికీ తెరుచుకుంది.
"అర్జీకి జవాబొచ్చిందా?"
అన్నారు దండాసి గారు.
వయసు రుజువు అడుగుతున్నారని చెప్పాను.